మొక్కు వెనక మనిషి
(యువతరం దైవభక్తి - మన కథాసాహిత్యం)

తెలుగులో అభ్యుదయ సాహిత్యం పుట్టిననాటి నుంచీ మతాన్ని నిలదీస్తూనే ఉంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడేనాటికే కృష్ణాజిల్లాలో హేతువాదానికి గట్టి పునాది పడింది. అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 'సూతపురాణం', 'శంబుకవధ' రాసి పురాణాల్ని బోనులో నిలబెట్టారు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు తరలించారు. ఈ వారసత్వం మనకు గర్వకారణం. కాని వారసత్వం కొన్నాళ్ళకు అలవాటుగా మారే ప్రమాదం ఉంటుంది. మతం విషయంలో మన కథకు అటువంటి అలవాటే పట్టుకుంది.

ఆ అలవాటు ఏమిటో అందరికీ తెలిసిందే. చదువులేని తల్లి దేవుణ్ణి నమ్ముతుంది, చదువుకున్న కొడుకు నమ్మడు. మధ్యలో ఒక పూజారో స్వాములవారో ఉంటాడు. కథ చివర అతని మోసం బయటపడుతుంది, తల్లి కళ్ళు తెరుచుకుంటాయి. ఒకనాడు ఇది సాహసంతో కూడిన వస్తువు. ఇవాళ నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో తిరిగి చూస్తే పాత్రలు తారుమారైనట్టు కనిపిస్తాయి. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో నిజాం సరిహద్దున ఉన్న మెట్టప్రాంతం ఇది. ఎర్రజెండా మోసిన తాతలున్న ఇళ్ళలోనే ఇంజనీరింగు చదివిన మనవలు మాల వేసుకుంటున్నారు. కార్తీకం వస్తే నల్లబట్టల అయ్యప్పలు కనిపిస్తారు. మార్గశిరంలో ఎర్రబట్టల భవానీలు హైదరాబాదు రహదారి వెంట ఇంద్రకీలాద్రికి నడిచిపోతారు. వారిలో కుర్రవాళ్ళు తక్కువేమీ కారు. బి.ఇడి. చదివిన అమ్మాయి పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు మొక్కుకుంటుంది. పేటల్లోని చర్చిలో కీబోర్డు వాయించేది డిగ్రీ విద్యార్థే. చదువు పెరిగితే భక్తి తగ్గుతుందన్న సూత్రానికి ఈ దృశ్యం లొంగటం లేదు. లొంగనప్పుడు సూత్రాన్ని పరీక్షించాలి గాని మనుషుల్ని తిట్టి ప్రయోజనం లేదు.

మార్క్సు మతాన్ని మత్తుమందుతో పోల్చాడన్నది మనలో చాలామందికి కంఠస్థం. అదే చోట, ఆ మాటకు ముందు, మతంలో కనిపించే వేదన నిజజీవితంలోని వేదనకు రూపమనీ, దానిపై నిరసన కూడా అనీ ఆయన అన్న సంగతి అంతగా గుర్తుండదు. మందు పేరు చెప్పి ఊరుకోవటం వైద్యం కాదు. నొప్పి ఎక్కడుందో చూడాలి.

ఆ నొప్పికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత టీచరు పోస్టుల భర్తీకి మళ్ళీ పరీక్షలు జరిగింది 2025లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఒక ప్రకటన వచ్చి రద్దయిపోయింది. చివరికి 16,347 పోస్టుల ప్రకటన వెలువడేసరికి, 2018లో ఇరవై రెండేళ్ళున్న అమ్మాయికి ఇరవై తొమ్మిది వచ్చాయి. ఈ ఏడేళ్ళూ ఆమె ఏం చేసింది? కోచింగుకు ఫీజు కట్టింది, ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పింది, సంబంధాలు వాయిదా వేసింది, మొక్కుకుంది. ఆమె చదవని పుస్తకం లేదు. ఆమె చేతిలో లేనిది ఒక్కటే, ప్రకటన ఎప్పుడు వస్తుందన్నది. చేతిలో లేనిదాని దగ్గరే మొక్కు పుడుతుంది. హైదరాబాదు పక్కన చిలుకూరు బాలాజీకి 'వీసా దేవుడు' అన్న పేరు రావటంలోని రహస్యం కూడా ఇదే. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూటెనిమిది. కాన్సలేటులో ఏ అధికారి ఏ కారణంతో కాదంటాడో తెలియని కుర్రవాడికి, కనీసం ఇక్కడ లెక్క స్పష్టంగా ఉంది. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేసే కథకుడు ఆ కుర్రవాడి జీవితంలోని అనిశ్చితిని చూడనట్టే. మొక్కు ఒక అర్జీ. న్యాయంగా ఏ కార్యాలయానికి వెళ్ళవలసిన అర్జీ అది? అక్కడ తలుపు ఎందుకు మూసుకుంది? కథ పుట్టవలసింది ఈ ప్రశ్నల్లోంచి.

భక్తినంతా నిరుద్యోగం ఖాతాలో రాసెయ్యటం కూడా పొరపాటే. దీక్షనే తీసుకోండి. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిచేసే కుర్రవాణ్ణి ఏడాది పొడుగునా 'ఒరేయ్' అని పిలిచే మేస్త్రీ, మెడలో మాల పడగానే 'స్వామీ' అంటాడు. నలభై ఒక్క రోజులు మందు ముట్టడు గనుక ఇంట్లో తల్లీ భార్యా కాస్త ఊపిరి పీల్చుకుంటారు. పదిమందితో కలిసి వండుకుంటాడు, పదిమందితో కలిసి పాడతాడు. సమాజం అతనికి ఇవ్వని గౌరవాన్నీ సహవాసాన్నీ దీక్ష ఇస్తున్నది. మాల తీసిన మర్నాడు పిలుపు మళ్ళీ 'ఒరేయ్' అవుతుంది. ఆ ఒక్క పిలుపు మారటంలో ఎంత కథ ఉంది! శ్రమకు దక్కవలసిన మర్యాద గుడ్డల రంగుకు దక్కుతున్నదని చూపించటానికి ఉపన్యాసం అక్కర్లేదు, ఆ రెండు పిలుపులూ వినిపిస్తే చాలు.

తిరుపతమ్మ సంగతీ ఇటువంటిదే. మునేటి ఒడ్డున ఉన్న ఆ గుడికి జనం తండోపతండాలుగా వస్తారు. విగ్రహాలకు రంగులు వేయించటానికి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తీసుకువస్తారు. 1963లో ఆ తల్లి కథ సినిమాగా కూడా వచ్చింది. స్థలపురాణం ప్రకారం ఆమె అనిగండ్లపాడు ఆడపడుచు. అత్తింట ఆరళ్ళు పడింది, రోగం వచ్చినప్పుడు పశువులపాకకు నెట్టేశారు, భర్తను పులి చంపింది, చివరికి అగ్నిలో లీనమైంది. ఊరు ఒక కోడల్ని చంపుకుని, ఆ తర్వాత దేవతను చేసుకుంది. ఆమె ముందు మోకరిల్లే పెళ్ళికాని అమ్మాయి అక్కడ ఎవర్ని చూసుకుంటున్నదో మన కథకులు ఆలోచించారా? సహనాన్ని దైవత్వంగా కీర్తించే భావజాలాన్ని విమర్శించవలసిందే. కాని ఆ విమర్శ, గుళ్ళో నిలబడ్డ ఆడపిల్ల గుండెలోని భయాన్ని విన్న తర్వాత రావాలి.

ఇదేమీ కొత్త దారి కాదు. మన పెద్దలు నడిచిందే. గురజాడ 1910లో రాసిన 'మీ పేరేమిటి?' కథలో శైవ వైష్ణవ వైరం గుండం తొక్కే పందెం దాకా పోతుంది. ఆ ఊరి కొండ మీద పాత బౌద్ధుల ఆనవాళ్ళున్నాయి. ఒకనాటి మతం శిథిలమైపోయిన చోట ఇవాళ్టి మతాలు కొట్టుకోవటం చరిత్ర తెలిసిన రచయితకే తట్టే వ్యంగ్యం. జగ్గయ్యపేట వాళ్ళకు ఆ కొండ కొత్త కాదు. ధనంబోడు స్తూపం ఊళ్ళోనే ఉంది. మూడో శతాబ్దిలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో సిద్ధార్థుడనే ఒక శిల్పి అక్కడ ఐదు ఆయకస్తంభాలు సమర్పించి, సకల జీవుల హితం కోసమని శాసనం చెక్కించాడు. చేతిపని చేసుకునేవాడు తన పేరును కాలం మీద నిలుపుకున్న తీరు అది. విశ్వాసంలో ఇటువంటి మానవాంశ కూడా ఉంటుందని గురజాడకు తెలుసు. అందుకే ఆయన మూఢత్వాన్ని నవ్వులపాలు చేశాడు గాని మనుషుల్ని చెయ్యలేదు.

జాషువా 'గబ్బిలం' నాయకుడు దేవుడున్నాడా లేడా అని వాదించడు. గబ్బిలానికి ఉన్న ప్రవేశం తనకెందుకు లేదంటాడు. ఆ జాషువాయే తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశాడు. తలుపు మూసిన గుడి ముందు నిలబడ్డవాడికి చర్చి గాని, 1956లో అంబేద్కర్ చూపిన బౌద్ధం గాని మొదట ఆత్మగౌరవం, ఆ తర్వాతే ఆరాధన. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట', 1998లో వచ్చిన 'జల్‌జలా' సంకలనాల్లోని యువకవులు ఇంకో అడుగు ముందుకు వేశారు. మతాన్ని వదిలేద్దామనుకున్నా వదలని ముద్రలుంటాయని వారివల్లనే మనకు బాగా అర్థమైంది. నమాజు చెయ్యని కుర్రవాడికి కూడా అద్దె ఇల్లు దొరకదు, పేరు చూసి తలుపు వేస్తారు. అతనికి మతం నమ్మకం కాదు, చిరునామా.

ఇంతా చెప్పి మతంతో రాజీ పడమంటున్నానని ఎవరైనా అనుకుంటే అది అపార్థం. నాస్తిక కేంద్రం వారు నిప్పుల మీద నడిచి, అందులో మహిమ లేదని జనానికి చూపించారు. ఆ పని ఇంకా అవసరమే. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. సహవాసం కోసం వినాయకుడి పందిరి దగ్గరికి వచ్చిన కుర్రవాడి చేతిలో, పక్క మతంవాడి మీద విషం కక్కే వీడియో పెట్టేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు అతన్ని 'తమ్ముడూ' అంటారు. మన కథ అతన్ని 'మూర్ఖుడా' అంటుంది. అతను ఎటు వెళతాడో చెప్పటానికి జ్యోతిషం అక్కర్లేదు.

కనుక యువరచయితలకు, సాహిత్య విద్యార్థులకు నా మనవి ఒక్కటే. భక్తుడి పాత్రను సృష్టించేటప్పుడు అతను నమ్ముతాడా నమ్మడా అన్న దగ్గర ఆగిపోవద్దు. ఏం అడుగుతున్నాడో వినండి. అడిగినది ఉద్యోగమైతే దాన్ని ఆపిందెవరో చూడండి. మర్యాద అయితే కాజేసిందెవరో, తోడు అయితే ఒంటరిని చేసిందేమిటో వెతకండి. వెతికిన మేరకు హేతువాదం మన కథలో పాత్ర నోటి ఉపన్యాసంగా కాక, కథ నడకగా నిలబడుతుంది. అప్పుడే ఆ కుర్రవాడు మన పత్రిక తెరిచి, ఇది తన గురించేనని చదువుతాడు.