దారి చీలు చోట

డాలస్ నగరమున యూఎస్ 75, ఐ-635 రహదారులు కలియు కూడలికి హై ఫైవ్ అని పేరు. 2005లో పూర్తియైన ఆ కట్టడమున దారులు ఐదంతస్తులుగా ఒకదానిపై నొకటి సాగిపోవును. ప్లేనో నుండి డాలస్‌కు వచ్చిపోవు తెలుగువారికి అది పరిచితమైన చోటే. గమ్యమునకు దారి తెలిసినంత మాత్రమున అక్కడ చాలదు. ఏ లేనులో నుండవలెనో ముందుగా తెలియవలెను. గంటకు 65 మైళ్ల వేగమున కారు సెకనుకు 95 అడుగులు పోవును గనుక, రెండు సెకన్ల సందేహమునకు దాదాపు 190 అడుగుల దారి చెల్లిపోవును.

ఆ సందేహమును తీర్చుటకే జీపీఎస్ పరికరములలో ఎగ్జిట్ చిత్రము వెలసినది. గార్మిన్ సంస్థ దీనిని జంక్షన్ వ్యూ అనును. ఒక సాయంకాలము మా అమ్మాయి కారు నడుపుచుండగా ప్రక్కన కూర్చుండి నేను దీని విలువను గ్రహించితిని. కుడివైపునకు పొమ్మని పరికరము పలికినది. కాని కుడివైపున నున్న లేన్లలో ఏది మనదో ఆ పలుకు తెలుపలేదు. అంతలో తెరపై పటము ప్రక్కనే రహదారి బొమ్మ నిలిచినది: ఆకుపచ్చని బోర్డు, దానిపై రహదారి సంఖ్య, క్రింద లేన్లపై బాణములు. చివరి లేనుపై, అది ఎగ్జిట్‌కే పోవునని తెలుపు పసుపుపట్టీ. దాని ప్రక్కనున్న మా లేనుపై రెండు బాణములు, ఒకటి నేరుగా, ఒకటి కుడికి. "లేను మారక్కర్లేదు నాన్నా, ఇది రెండు వైపులా పోతుంది" అని అమ్మాయి నిశ్చింతగా సాగిపోయినది.

దీనికి ఎంతో ముందు, 1985లో వచ్చిన ఇటాక్ నావిగేటర్ అను దారిచూపు కారు పరికరము క్యాసెట్లలో దాచిన పటములను కారు తిరిగిన దిక్కునకు తిప్పి చూపెడిది. అది గొప్ప ముందడుగే. అయినను పటము ఎంతగా తిరిగినను ఆకాశము నుండి చూచిన దృశ్యమే గదా! ఎగ్జిట్ చిత్రము సారథి కన్నులతో దారిని చూపును. తెరపై కనబడిన బోర్డే క్షణములో అద్దమునకు ఆవల ప్రత్యక్షమగుటచే, గుర్తించుట తప్ప వేరుగా ఆలోచింప బనిలేదు. తెరపై నున్న చూపును త్వరగా దారిపైకి మరలించుటయందే ఆ చిత్రము యొక్క నేర్పున్నది.

అయినను సారథి బాధ్యత తీరిపోలేదు. అమెరికా హైవేలలో లేను వెడల్పు సాధారణముగా 12 అడుగులు. మామూలు జీపీఎస్ లెక్కలో అంతకు మించిన తేడా రావచ్చును. కావున చిత్రము మనముండవలసిన లేనును చూపును గాని, మనమున్న లేనును ఎరుగదు. ఆ ఎరుక మనదే, అద్దములలో వెనుకవచ్చు వాహనములను చూచుకొను పనియు మనదే.

ఎగ్జిట్ చేజారునపుడు తెల్లగీతలు దాటి అడ్డముగా పోవుట ఘోరప్రమాదమునకు దారితీయును. తరువాతి ఎగ్జిట్‌లో దిగి మరలి వచ్చుటయే ధర్మము. అట్టి తొందరకు మూలమైన తడబాటును ముందే తొలగించుట ఈ చిత్రము చేయు మేలు. కావున క్రొత్త ఊరికి బయలుదేరు ముందు ఆ సదుపాయమును సెట్టింగులలో తెరచియుంచుకొనుడని కారు నడుపువారందరికిని నా మనవి.