టూ-స్ట్రోక్ స్కూటర్‌కు పికప్ ఎక్కడ దొరుకుతుంది

ఊళ్లో తిరిగే చిన్న టూ-స్ట్రోక్ స్కూటర్‌కు కావలసింది పికప్. టాప్ స్పీడుతో దానికి పెద్దగా పని లేదు. ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా నుంచి గోల్‌బజార్‌కో, వర్క్‌షాపు గేటుకో, ఇందా వైపుకో వెళ్లే బండి గంటకు 40 కిలోమీటర్లు దాటే సందర్భాలు తక్కువ. టోటో (ఈ-రిక్షా) వెనక ఆగాలి, సైకిళ్ల మధ్య నుంచి జరగాలి, ఆవు లేచేదాకా కాళ్లు కింద పెట్టి నిలబడాలి, వెనక సీటు మీద మనిషితో, ముందు కూరగాయల సంచితో మళ్లీ రెండో గేరులో లాగాలి. ఇంత పనీ ఇంజిన్ సగం వేగంలో తిరుగుతున్నప్పుడే జరుగుతుంది. స్కూటర్‌లో ఏ మార్పు చేసినా ఆ సగం వేగం దగ్గర ఏం ఒరిగిందన్నదే లెక్క. రేసు బండి కోసం పుట్టిన కిటుకులు చాలావరకు ఇక్కడ బెడిసికొట్టేది అందుకే.

ఖరగ్‌పూర్‌లో ఈ చర్చకు వినేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఫిట్టరు, టర్నరు ఉన్న ఇంట్లో క్లియరెన్సు అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. దాని కోసం ఒక తరం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో నిలబడింది. హైదరాబాద్ ఆల్విన్ పేరుతో పుష్పక్ వచ్చింది, 1980ల నడుమ కాన్పూర్ నుంచి ఎల్‌ఎంఎల్ వెస్పా, గేర్లు లేని కైనెటిక్ హోండా వచ్చాయి. తరువాత 60 సి.సి. బజాజ్ సన్నీ, టీవీఎస్ స్కూటీ ఆడపిల్లలకు కాలేజీ బళ్లయ్యాయి. ఈ టూ-స్ట్రోక్ బళ్లలో ఏదీ ఇప్పుడు కొత్తగా దొరకదు. ఉన్నవన్నీ పాతవే. కాబట్టి మార్పు అన్న మాట ఎత్తేముందు అరుగుదల సంగతి తేల్చాలి.

టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో ఫోర్-స్ట్రోక్‌లో ఉండే కవాటాలు ఉండవు. సిలిండర్ గోడకు కిటికీల్లాంటి పోర్టులుంటాయి, పిస్టన్ పైకీ కిందికీ పోతూ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమం ముందు కింద క్రాంక్‌కేసులోకి వస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు అక్కడ నొక్కుకుని ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా పైకి ఎగురుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఎగ్జాస్ట్ పోర్టు కూడా తెరిచే ఉంటుంది. వచ్చే కొత్త మిశ్రమం పాత పొగను తోస్తుంది, కొంత తానూ పొగతోబాటు బయటికి పోతుంది. టూ-స్ట్రోక్ మైలేజీ లోపానికి మూలం ఇదే. నీలి పొగ, ఆ వాసన మిశ్రమంలో కలిసిన ఆయిలువి. క్రాంక్‌కేసు కూడా పంపులా పనిచేస్తుందన్న ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా పనులకు వరస దానంతట అదే కుదురుతుంది.

పంపు అన్నాక లీకు ఉండకూడదు. పాత స్కూటర్‌లో పికప్ పోయిందంటే అందరి చూపూ కార్బొరేటర్ మీదికో పిస్టన్ మీదికో పోతుంది. క్రాంక్‌కు రెండు పక్కలా ఉండే రబ్బరు సీళ్లను ఎవరూ తలచుకోరు. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమం పలచనవుతుంది, యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ వేగం దిగదు, ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం పిస్టన్ సీజ్ అవుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిలు లోపలికి పీల్చుకుపోతుంది. తెల్లటి దట్టమైన పొగ వస్తుంది, గేర్ బాక్సులో ఆయిలు మాటిమాటికీ తగ్గుతుంది. సీళ్ల ఖరీదు తక్కువ, వాటిని మార్చే కూలి ఎక్కువ, ఇంజిన్ దించి విప్పాలి. మెకానిక్‌లు ఈ పని వాయిదా వేయడానికీ, కార్బొరేటర్ జెట్టు మార్చి సర్దేయడానికీ కారణం ఆ కూలే.

తరువాతిది మసి. సైలెన్సర్ లోపల, ఎగ్జాస్ట్ పోర్టు అంచున కార్బన్ పేరుకుంటే పొగ పోవడానికి దారి సన్నబడుతుంది. ఊళ్లో నెమ్మదిగా నడిచే బండికి ఇది త్వరగా వస్తుంది, ఎందుకంటే పైపు ఎప్పుడూ బాగా వేడెక్కదు. సైలెన్సర్‌ను విప్పి మంటలో కాల్చడం పాత పద్ధతి, కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టడం ఇంకో పద్ధతి. కాస్టిక్ చేతికి తగలకుండా జాగ్రత్త పడాలి, అల్యూమినియం భాగాన్ని ఆ నీళ్లలో వేయనేకూడదు. మసి దులిపిన రోజు బండి కొత్తదైనట్టు లాగుతుంది. దానికి పెట్టిన ఖర్చు చాలామంది పనికిరాని విడిభాగాలకు పెట్టే దానిలో పదోవంతు కూడా ఉండదు. సైలెన్సర్ వెనక రంధ్రం పొడవడం మాత్రం వేరే సంగతి. దానివల్ల పెరిగేది చప్పుడు, తగ్గేది పికప్.

ఆయిలు కలపడంలో ఒక అపోహ గట్టిగా నాటుకుపోయింది. చేతక్ తరహా ఇంజిన్‌కు 2 శాతం, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు చాలు. ఇంజిన్ మీద ప్రేమతో దాన్ని 40 చేసేవాళ్లున్నారు. అప్పుడు మసి పెరగడం ఒక్కటే కాదు, జెట్టులో ఆయిలు పెట్రోలు చోటును ఆక్రమిస్తుంది కాబట్టి మండే ఇంధనం తగ్గి మిశ్రమం పలచబడుతుంది. రక్షణ కోసం పోసిన ఆయిలే వేడి పెంచుతుంది.

ఇక కార్బొరేటర్. ఊరి నడకలో యాక్సిలరేటర్ తిప్పేది పావువంతో, అంతకు కాస్త ఎక్కువో. ఆ పరిధిలో పెట్రోలు ఇచ్చేది ముఖ్యంగా స్లో జెట్, మెయిన్ జెట్ అధికారం సగం దాటాక మొదలవుతుంది. అయినా పికప్ లేదనగానే అందరూ మార్చేది మెయిన్ జెట్టునే. సిగ్నల్ దగ్గర క్లచ్ వదిలిన వెంటనే బండి ఒక్క క్షణం తడబడి తరువాత అందుకుంటే స్లో జెట్టు మూసుకుపోయిందనో, చిన్నదైపోయిందనో అనుమానించాలి. మెయిన్ జెట్టు సరిపోయిందో లేదో ప్లగ్గు చెబుతుంది. ఖాళీ రోడ్డు మీద నిండా యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. పింగాణీ భాగం ఇటుక పొడి రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉంటే మంచిదే. తెల్లగా ఉంటే పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన. ఇంటి ముందు ఐడిలింగ్‌లో ఉన్న బండి ప్లగ్గు చూసి తీర్పు చెప్పకూడదు.

ఈ మధ్య కొత్తగా చేరిన చిక్కు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. అందుచేత వెనకటి పెట్రోలుకు సరిపోయిన జెట్టు ఇప్పటి పెట్రోలుకు కొద్దిగా చిన్నదవుతుంది. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచడం ఇక్కడ మోజు కింద రాదు, అవసరమే. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. వానాకాలమంతా టాంకులో పెట్రోలు పోసి బండిని వరండాలో పెట్టేసేవాళ్లు కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టడం మేలు.

ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే బండి ఊపిరి పీలుస్తుందని ఒక నమ్మకం ఉంది. ఖరగ్‌పూర్ నేల ఎర్రమట్టి నేల. ఎండాకాలంలో ఆ దుమ్ము దేనిమీదైనా పడుతుంది. ఫిల్టర్ లేని ఇంజిన్‌లో అదే దుమ్ము రింగుల మధ్య చేరి సిలిండర్‌ను రాస్తుంది, మిశ్రమమూ పలచబడుతుంది. ఈ ఒక్క మార్పులో లాభం వైపు రాయడానికి ఏమీ లేదు.

సిలిండర్ పనిలోకి వస్తే, బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం బలం పెంచుతుందని కొందరంటారు. చేతక్ బోరు 57, స్ట్రోకు 57 మిల్లీమీటర్లు, సామర్థ్యం 145.45 సి.సి. అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ వేస్తే అది 148 అవుతుంది. పెరిగింది 2 శాతం కూడా కాదు. బోరు చేయించాక బండి బాగా లాగుతోందంటే దానికి కారణం ఆ రెండున్నర సి.సి. కాదు, రింగులు మళ్లీ గోడకు ఆని కంప్రెషన్ తిరిగి రావడం. బోరుకు లేత్ దగ్గర మంచి చెయ్యి కావాలి. పిస్టన్ చేతికిచ్చి దాని కొలతకే సిలిండర్ కోయించాలి గాని, ముందు కోయించి తరువాత పిస్టన్ కొనకూడదు.

పోర్టులకు ఫైలు పెట్టడం అన్నిటికన్నా ఆకర్షణ ఉన్న పని, అన్నిటికన్నా ప్రమాదమూ ఇందులోనే. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచును ఒక్క మిల్లీమీటరు పైకి రాస్తే 57 మిల్లీమీటర్ల స్ట్రోకులో అది తెరిచి ఉండే కాలం సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది. ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు ఇది లాభమే. నెమ్మదిగా తిరిగేటప్పుడు నొక్కవలసిన మిశ్రమం ముందే జారిపోతుంది. అంటే నిమ్‌పురా రోడ్ల మీద వాడే చోట బలం తగ్గించుకుని, ఎప్పుడూ వాడని చోట పెంచుకున్నట్టు. తీసిన లోహం తిరిగి అతకదు. ఇక్కడ చేయదగ్గ పని ఒకటుంది. క్రాంక్‌కేసు దారి, సిలిండర్ ట్రాన్స్‌ఫర్ దారి కలిసే చోట మెట్టు ఉంటే దాన్ని సమం చేయడం. పోర్టు ఎత్తును ముట్టుకోనక్కర్లేదు, మిశ్రమం దారి సాఫీ అవుతుంది.

హెడ్డు దగ్గర మాత్రం నిజమైన పికప్ దొరుకుతుంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్డు అంచుకూ మధ్య మిగిలే సందును స్క్విష్ అంటారు. ప్లగ్గు రంధ్రం గుండా మెత్తని సోల్డర్ వైరును సిలిండర్ గోడ తగిలేదాకా పంపి, ఇంజిన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన కొసను వెర్నియర్‌తో కొలిస్తే ఆ సందు ఎంతో తెలుస్తుంది. పాత స్కూటర్లలో ఇది రెండు మిల్లీమీటర్లు దాటి ఉండడం కద్దు. హెడ్డును లేత్ మీద కొద్దిగా చెక్కించి దాన్ని 1.3 నుంచి 1.5 మధ్యకు తెస్తే మంట వేగంగా పాకుతుంది, కింది వేగంలో లాగుడు పెరుగుతుంది. ఒకటికి లోపు తెస్తే వేడికి సాగిన పిస్టన్ హెడ్డును తాకే ముప్పుంది. కంప్రెషన్ పెరిగిన బండికి ఇగ్నిషన్ టైమింగ్‌ను ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెట్టడం క్షేమం. పాయింట్లు, కండెన్సర్ ఉన్న మాగ్నెట్‌ను ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మార్చడం కూడా డబ్బుకు తగిన పనే. అందులో బలం పెరగదు, నిలకడ పెరుగుతుంది. వాన రోజు ఉదయం కిక్కు కొట్టేవాడికి ఆ తేడా తెలుస్తుంది.

రేసు సైలెన్సర్ విషయానికి ఒక చిన్న లెక్క చాలు. ఎక్స్‌పాన్షన్ చాంబర్‌ను పదును పెట్టినవాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్. 1961లో ఎర్న్‌స్ట్ డెగ్నర్ అనే రైడర్ పడమటికి పారిపోయి ఆ రహస్యాన్ని సుజుకీకి చేర్చాడు. పొగతోబాటు బయలుదేరిన ఒత్తిడి అల పైపు చివరి శంకువుకు తగిలి వెనక్కి వచ్చి, జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోపు లోపలికి తోయడం అందులోని సూత్రం. వేడి పొగలో ఆ అల సెకనుకు దాదాపు 500 మీటర్లు పోతుంది. పోర్టు 160 డిగ్రీలు తెరిచి ఉండే ఇంజిన్ నిమిషానికి 8,000 చుట్లు తిరిగేటప్పుడు అల వెళ్లి రావడానికి సుమారు 83 సెంటీమీటర్ల పైపు కావాలి. ఊరి నడకకు సరిపడే 5,000 చుట్లకైతే 130 సెంటీమీటర్లు దాటుతుంది. స్కూటర్ కింద అంత చోటు లేదు. మార్కెట్లో దొరికే పొట్టి గొట్టాలు కింది వేగంలో బండిని నిద్రపుచ్చుతాయి, పైన ఒక్కసారిగా లేపుతాయి. గోల్‌బజార్ సందుల్లో అది సుఖం కాదు. కంపెనీ ఇచ్చిన పెట్టె సైలెన్సర్ శుభ్రంగా ఉంటే దానికి మించినది అక్కరలేదు.

గేరింగ్ తగ్గించడం తేలిక. క్లచ్ గేరుకు 21 పళ్లుంటే 20 పళ్లది వేయడం వల్ల ప్రతి గేరులోనూ లాగుడు సుమారు 5 శాతం పెరుగుతుంది, టాప్ స్పీడు అంతే తగ్గుతుంది. ఈ బేరంలో నష్టపోయేది ఊరి వాడు కాదు. గేర్లు లేని కైనెటిక్ హోండా, స్కూటీల్లో ఇదే పని వేరియేటర్ రోలర్లతో జరుగుతుంది. తేలికైన రోలర్లు వేస్తే బెల్టు పైకి ఎక్కేముందు ఇంజిన్ ఎక్కువ వేగం అందుకుంటుంది. అయితే చాలా పాత బళ్లలో రోలర్లు ఒక పక్క అరిగి చదునుగా ఉంటాయి, బరువు మార్చేముందు కంపెనీ బరువున్న కొత్తవే వేసి చూడడం తెలివి.

బ్రేకులు ఆఖరుకు మిగిలాయి గాని ఖర్చులో వాటిది మొదటి వంతు కావాలి. టూ-స్ట్రోక్ ఇంజిన్ యాక్సిలరేటర్ వదిలితే బండిని పట్టి ఆపదు, పది అంగుళాల చక్రం గుంతలో దిగితే హ్యాండిల్ చేతిలోంచి లాక్కుంటుంది. కొత్త బ్రేక్ షూలు, సాగిపోని కేబుళ్లు, తయారీ తేదీ పాతబడని టైర్లు లేని బండికి పికప్ పెంచడం తగదు.

చట్టం వైపు గీతలు స్పష్టంగా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ చేరాయి. పెద్ద సి.సి. సిలిండర్ కిట్టు ఈ గీత దాటుతుంది. సీళ్లు, జెట్లు, శుభ్రమైన సైలెన్సర్ దాటవు. పొగ పరీక్షలో 2000 మార్చి 31 నాటికి తయారైన బండికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం హద్దు. ఆ తరువాతి టూ-స్ట్రోక్‌కు 3.5 శాతం, 6,000. చిక్కగా జెట్టు పెట్టిన బండి ఈ అంకెల దగ్గరే దొరికిపోతుంది కాబట్టి, జెట్టు మార్చిన ప్రతిసారీ పరీక్ష చేయించి ఆ కాగితం డిక్కీలో పెట్టుకోవాలి.