మూలలు కలవాలి

జగదల్‌పూర్ బజారులో ఈ వారం ఒక రజాయి చూసి ఆగిపోయాను. ఎరుపు, పసుపు, నీలం చదరాలు. నాలుగు మూలలు కలిసే ఏ చోటా దారమంత తేడా లేదు. ఎవరి చెయ్యో గానీ దండం పెట్టాలనిపించింది. తిరగేసి చూద్దును కదా, అసలు అతుకే లేదు! ముక్కల బొమ్మ గుడ్డ మీద అచ్చు వేసి ఉంది. ముక్కల చుట్టూ కనిపించే కుట్లు కూడా అచ్చే. "ఇదైతే ఎన్నిసార్లు ఉతికినా అతుకు ఊడదమ్మా" అన్నాడు దుకాణదారు. ఊడడానికి అందులో అతుకేది?

ఏ వస్తువైనా వెనక్కి తిప్పి చూడనిదే కొనను. అదో చాదస్తం నాకు. జాకెట్టు ఎంత బాగున్నా లోపలి కుట్టు చూసేదాకా దర్జీని మెచ్చుకోను.

నిజంగా ముక్కలు అతికినవాళ్ళకే ఆ మూలల కష్టం తెలుస్తుంది. వరసకి పది చదరాలు అనుకోండి. పావు అంగుళం అంచు వదిలి కుట్టాలి. ఆ పావుకి తోడు అంగుళంలో పదహారో వంతు అదనంగా పోయిందా, అతుకు రెండు ముక్కల్నీ తింటుంది కనక అతుక్కి ఎనిమిదో వంతు చొప్పున తొమ్మిది అతుకులయ్యేసరికి వరస అంగుళానికి పైగా కురచవుతుంది. తప్పు జరిగిన చోట ఏమీ కనబడదు, చివర్న బయటపడుతుంది. లాగి సరిపెడదామంటే ఏటవాలుగా కత్తిరించిన ముక్క సాగి అలలు తేలుతుంది.

దీనికో కిటుకు ఉంది. మొదటి వరస అతుకుల్ని కుడివైపుకి, రెండో వరసవి ఎడమవైపుకి మడిచి ఇస్త్రీ చెయ్యాలి. పెట్టెని తొయ్యకుండా అద్ది ఎత్తాలి, తోస్తే గుడ్డ సాగుతుంది. రెండు వరసల్నీ ఎదురెదురుగా పెడితే ఒకదాని గట్టు రెండోదాని గట్టుకి ఆనుకుని ఆగుతుంది. కళ్ళు మూసుకున్నా వేళ్ళకి తెలుస్తుంది. అప్పుడు అటూ ఇటూ గుండుసూదులు గుచ్చి కుట్టాలి.

గట్టుకి గట్టు ఆనడం అంటే నాకు మన జగదల్‌పూర్ దసరా రథమే గుర్తొస్తుంది. హరేలీ అమావాస్య నాడు పాట్ జాత్రాతో మొదలై 75 రోజులు సాగే పండగ కదా, అందులో సగం నాకు రథం తయారయ్యే సిర్హాసార్ దగ్గర నిలబడి బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ వడ్రంగుల పని చూడ్డంతోనే గడిచిపోతుంది. బాడిసతో చెక్కిన మాను మీద దెబ్బలు దెబ్బలుగానే ఉంటాయి. పై ఊళ్ళనుంచి కెమెరాలతో వచ్చినవాళ్ళు ఆ గరుకుని చూసి మురిసిపోతారు. ఇరుసు దూరే రంధ్రం దగ్గరికి మాత్రం ఎవరూ వంగి చూడరు. అక్కడ గరుకు లేదు. ఎనిమిది చక్రాల విజయ రథాన్ని వందల మంది తాళ్ళు పట్టి లాగుతుంటే ఒక్క చక్రం పక్కకి ఒరిగినా ఏమవుతుందో వడ్రంగికి తెలుసు. కనబడే చోట గరుకుగా వదిలేసి, బరువు పడే చోట వెంట్రుకంత తేడా రానివ్వడు.

నిజానికి బొంతల్లో వంకరలే అందమని, చేతిపనికి అవే సాక్ష్యమని రాద్దామనే కూర్చున్నాను. ఉదాహరణ కూడా సిద్ధంగా ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊళ్ళో నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్‌లోనూ, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకి వేలాడదీశారు. 2006లో వాటి మీద తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. గీతలు ఒరిగి, చదరాలు సాగి ఉంటాయవి.

ఆ ఆలోచనని చెడగొట్టింది మా వీధి మౌసీ. పాత చీరలు మడతలుగా పరిచి కథరీ కుడుతుంది. కుట్టు వరస ఒకచోట పాములా మెలికలు తిరిగింది. "ఇదే బాగుంది మౌసీ" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు మీరు చూడాలి.

"అది కరెంటు లేనప్పుడు కుట్టింది బేటీ. పగలు కుట్టింది ఇటు చూడు."

చూశాను. వేలెడు దూరానికో వరస, అంచు నుంచి అంచుకి తిన్నగా. పైన వేసిన ముక్కలు ఒకదానికొకటి కలవకపోయినా ఆవిడకి పట్టింపు లేదు, అవి చిరుగుల్ని కప్పడానికి వేసినవి. వరస తప్పితే మాత్రం ఉతికాక లోపలి చీరలు ఉండలు కడతాయట.

గీస్ బెండ్ వాళ్ళ గీతలు కూడా వాళ్ళు కావాలనుకున్న చోటే ఒరిగాయి. కుట్టేవాళ్ళు దాచుకోవాలనుకునే పొరపాటుని కొనేవాళ్ళు అందమని పొగడటం ఒక రకం దొరతనం. పైగా మౌసీ ఆ అచ్చు రజాయి ధర అడిగింది, వానాకాలం తొందరగా ఆరుతుందని.

కనక ముక్కలు అతికేవాళ్ళు మూలలు కలిసేదాకా వదలకండి. కలవకపోతే విప్పండి. విప్పేటప్పుడు ఒకవైపు ప్రతి మూడో కుట్టూ తెంపి, రెండోవైపు దారం పట్టుకుని లాగితే మొత్తం వచ్చేస్తుంది, గుడ్డ చిరగదు.