నాన్నా, నొప్పి!

'నాన్నా, పులి!' కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. పులి రాకుండానే వచ్చిందని అరిచిన పిల్లవాడిని, అది నిజంగా వచ్చిన రోజున ఎవరూ నమ్మలేదు. 2001లో డయాన్ హాఫ్‌మన్, అనీటా టార్జియన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇలాంటి కథనే గుర్తుచేస్తూ తమ వ్యాసానికి 'నొప్పి అని అరిచిన అమ్మాయి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆడవాళ్ల నొప్పికి సరైన వైద్యం అందడం లేదనీ, వాళ్ల మాటను భావోద్వేగంగా కొట్టిపారేస్తున్నారనీ అప్పటికి వచ్చిన అధ్యయనాలను పరిశీలించి చూపించారు. కథలో పిల్లవాడు అబద్ధమాడి నమ్మకం పోగొట్టుకున్నాడు. ఈ అమ్మాయి ఏ అబద్ధమూ ఆడకుండానే పోగొట్టుకుంది.

సాహిత్యం చదువుకున్న నాకు మెదడు శాస్త్రంతో ఏం పని అని అడగొచ్చు. శాస్త్రం కూడా కథనమే. అందులో ఎవరి దేహం కేంద్రంలో ఉందో, ఎవరిది అంచుకు వెళ్లిందో చూడటం విమర్శ చేయాల్సిన పనే.

మెదడు మధ్యభాగంలో ఒక సన్నని కాలువ చుట్టూ పెరియాక్విడక్టల్ గ్రే అనే బూడిదరంగు ప్రాంతం ఉంటుంది. నొప్పి సంకేతాలను వెన్నుపాము దగ్గరే అణిచే ఏర్పాటుకు ఇది కీలకం. ఇక్కడి కణాల మీద మ్యూ ఓపియాయిడ్ రిసెప్టర్లు ఉంటాయి. మార్ఫిన్ తాళంచెవి అయితే, ఇవి తాళాలు. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో ఆన్ మర్ఫీ బృందం 2008లో ప్రచురించిన ఎలుకల అధ్యయనంలో, ఈ ప్రాంతంలో ఆ రిసెప్టర్లు మగవాటికంటే ఆడవాటిలో తక్కువగా కనిపించాయి. అండం విడుదలకు ముందు దశలో మరీ తక్కువ. ఆ రిసెప్టర్లున్న కణాలను నాశనం చేస్తే మగ ఎలుకల్లో మార్ఫిన్ ప్రభావం పడిపోయింది. ఆడ ఎలుకల్లో మార్పు లేదు.

మార్ఫిన్‌ని వేరుచేసి అప్పటికి దాదాపు రెండువందల ఏళ్లు. ఇంత ఆలస్యం ఎందుకైంది? 'పెయిన్' పత్రికలో పదేళ్లపాటు వచ్చిన జంతు పరిశోధనలను జెఫ్రీ మోగిల్, మోనా చందా 2005లో లెక్కగట్టారు. 79 శాతం మగ జంతువుల మీద మాత్రమే చేసినవి. ఆడ జంతువులకు రుతుచక్రం ఉంటుంది కాబట్టి ఫలితాలు గజిబిజి అవుతాయన్నది అలవాటుగా చెప్పే కారణం. మగ దేహం ప్రమాణం, ఆడ దేహం ఆటంకం! 2014లో 293 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఆడ చిట్టెలుకల ఫలితాల్లో హెచ్చుతగ్గులు మగవాటికంటే ఎక్కువేమీ లేవని తేలింది. అన్నేళ్లూ శాస్త్రం పేరుతో నడిచింది ఒక నమ్మకం.

అయితే ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. 'ఆడవాళ్ల మెదడే అంత' అనేయడానికి పితృస్వామ్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎలుక గురించి తెలిసినది స్త్రీకి యథాతథంగా అంటగట్టలేం. 2002లో హోన్-కార్ జుబియెటా బృందం మనుషుల మెదళ్లను స్కాన్ చేసింది. దవడ కండరంలో నొప్పి కలిగించినప్పుడు థాలమస్, అమిగ్డలా వంటి భాగాల్లో శరీరం సొంతంగా విడుదల చేసే ఓపియాయిడ్ల స్పందన మగవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ఆ స్త్రీలు నెలసరి తొలి దశలో ఉన్నవాళ్లు. స్త్రీలలో ఈస్ట్రడయాల్ పెరిగినప్పుడు ఆ స్పందన పెరుగుతుందని అదే బృందం 2006లో చూపింది. ఇక 2010 నాటి ఒక సమీక్షలో, ఆపరేషన్ తర్వాత రోగులే మీట నొక్కి మార్ఫిన్ తీసుకున్న సందర్భాల్లో ఉపశమనం స్త్రీలకే ఎక్కువగా కనిపించింది. అంటే తేడా ఉంది, కానీ అది చెక్కేసిన శిలాశాసనం కాదు. హార్మోన్లతో, మందుతో, పరిస్థితితో మారుతుంది. 2017లో మర్ఫీ బృందమే మరో సంగతి చెప్పింది. ఆడ ఎలుకల మెదడులోని ఆ ప్రాంతంలో రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా చర్యను అడ్డుకుంటే, మార్ఫిన్ మగవాటిలో పనిచేసినట్టే పనిచేసింది. ఆడ దేహంలో 'లోపం' అనుకున్నది చికిత్స వెతకాల్సిన చోటుగా మారింది.

పోటు, సలుపు, తీపు, మంట, గుంజుడు... నొప్పికి తెలుగులో ఇన్ని మాటలున్నాయి. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి వాటన్నిటికీ ఒక్కటే జవాబు, 'ఓర్చుకో'. భూదేవి అంత ఓర్పు అనే పొగడ్త లోపల ఉన్నది చికిత్స నిరాకరణే. 'మందు వేసినా తగ్గలేదు' అని ఒక స్త్రీ చెప్పినప్పుడు ఆమె ఓర్పును కొలవడం మనకు అలవాటు. ఆ మందు ఎవరి దేహం మీద పరీక్షించి కొలిచిందో ముందు అడగాలి. రిసెప్టర్ల లెక్క తేలేదాకా ఆమె మాట నమ్మడానికి ఆగాల్సిన పని లేదు. ఆ లెక్క మొదలవ్వాల్సింది ఆమె మాట నుంచే.