హతసాక్షి

‘మార్టిర్’ అనే మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు మొదట తోచేది ‘అమరవీరుడు’. తెలుగు క్రైస్తవ వాఙ్మయం మాత్రం ‘హతసాక్షి’ అన్నది. గ్రీకు మూలానికి అర్థం సాక్షి అనే. భిలాయి ఉక్కునగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడిలో నేర్చే హిందీలో దీనిని ‘షహీద్’ అంటారు. అరబ్బీనుండి వచ్చిన ఆ పదానికీ మూలార్థం సాక్షియే. ఇన్ని భాషలు ఏకీభవించినప్పుడు, ఆది క్రైస్తవుల హింసను చిత్రించే కృతిని ఈ మాటతోనే తూచడం న్యాయం.

మెర్విన్ లెరాయ్ దర్శకత్వం వహించిన ‘క్వో వాడిస్’ (1951) పోలిష్ రచయిత సింకియేవిచ్ నవలకు చిత్రరూపం. క్రీ.శ. 64లో రోము తగులబడడం, నీరో ఆ నిందను క్రైస్తవులమీద మోపడం ఇందులో ప్రధాన ఘట్టాలు. క్రీడారంగంలో సింహాలు, శిలువలు, మంటలు. వాటి నడుమ విశ్వాసులు పాడుతూ మరణిస్తారు. పేతురు బోధ వినిపిస్తుంది గాని, పాడేవారిలో ఒక్కొక్కరు దేనిని చూచి నమ్మినారో, ప్రాణం పోయినా విడువరానిది వారికి ఏమిటో తెలియదు. వారు సమూహంగానే మిగిలిపోతారు. పీటర్ ఉస్తినోవ్ ధరించిన నీరో మాత్రం అసూయతో, భయంతో, తాను మహాకవినన్న భ్రమతో నిండుగా కనిపిస్తాడు. మరణవేళ లేఖ వ్రాసి ఆ నీరోకు నిజం చెప్పినవాడు పెట్రోనియస్. అతడు క్రైస్తవుడు కాడు. హతులు ఒకరు, సాక్షి వేరొకరు!

హెన్రీ కోస్టర్ తీసిన ‘ది రోబ్’ (1953) సినిమాస్కోప్‌లో విడుదలైన తొలి కథాచిత్రం. ఆడంబరానికి ఇందులోనూ కొదువ లేదు. అయితే నాయకుడు మార్సెల్లస్ క్రీస్తును శిలువ వేయించిన రోమను అధికారి. పాచికలాటలో ఆ అంగీని గెలుచుకొన్నవాడు. తన చేతికి తానే సాక్షి. కలిగులా ఎదుట విచారణలో తాను రాజ్యద్రోహిని కానని చెబుతాడు, విశ్వాసాన్ని మాత్రం విడువనంటాడు. అతని మరణం తెరమీద కనిపించదు. చెప్పవలసినది చెప్పిన తరువాత చూపవలసినది లేదు.

పోతన ప్రహ్లాదుని ఎరిగిన పాఠకునికి ఈ భేదం కొత్త కాదు. ఏనుగులు, పాములు, అగ్ని అతనిని బాధించబూనినవి. మనకు జ్ఞాపకం ఉండేవి ఆ బాధలు కావు. తండ్రి ఎదుట అతడు పలికిన మాటలు.

హింసను గూర్చి వ్రాయబూనిన రచయిత గాయాలను ఎన్నైనా వర్ణించవచ్చు. గాయపడినవాడు ఏమి చూచినాడో చెప్పనంతవరకు ఆ రచనలో హతుడే ఉంటాడు, సాక్షి ఉండడు.