చిల్లికాసు

డబ్బుకి లోటు లేదు, ప్రపంచంలో ఏ నాణెం కావాలన్నా మీదే అంటే మీరేం కొంటారు? నాణేలు పోగుచేసే సరదా వున్నవాళ్ళు నలుగురు కలిస్తే ఆడుకునే ఆట ఇది. చీరల షాపు అద్దాల ముందు నిలబడి మనం ఆడుకునే ఆటే, కాకపోతే వాళ్ళ జాబితా కొంచెం ఖరీదైంది. నవలలు రాసుకునేదానికి నాణేల గొడవేమిటని మీరు అడగవచ్చు. బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి కొంతా, ఎవరి ఇంట్లో ఏముందో తెలుసుకోవాలన్న ఆడబుద్ధికి కొంతా, ఈ మధ్య ఇలాంటి కలల కలెక్షన్ల గురించి చాలా చదివాను. చదివాక, పుస్తకాలని విమర్శించినట్టే వీటినీ విమర్శించవచ్చనిపించింది. డబ్బు లేనివాడి అభిరుచి ఎలాంటిదో అతని జేబు దాచిపెడుతుంది. హద్దులేని డబ్బు చేతికొచ్చినప్పుడే కదా అసలు అభిరుచి బయటపడేది!

ఫరూక్ రాజుతో మొదలుపెడదాం. ఈజిప్టు సింహాసనం దక్కేనాటికి అతనికి 16 ఏళ్ళు. నాణేలు, స్టాంపులు, గడియారాలు, గాజు పేపర్‌వెయిట్లు, మనసు పడినదల్లా కొన్నాడు. 1952లో సైన్యం అతన్ని గద్దె దింపి దేశం దాటించింది. 1954లో కొత్త ప్రభుత్వం ఆ సొత్తంతా కైరోలో రాజభవనంలోనే వేలం వేసింది. నాణేలూ పతకాలూ కలిపి ఎనిమిదిన్నర వేల దాకా తేలాయి. విడివిడిగా చూసి అమ్మే తీరిక లేక చాలావాటిని గుత్తగా కట్టలుకట్టి అమ్మేశారు. హద్దులేని బడ్జెట్ అంటే ఇంతకంటే ఏం కావాలి? వెనకాల ఒక దేశపు ఖజానాయే వుంది. అయినా ఆ కలెక్షను గురించి చదువుతుంటే, ఎడిటరు చెయ్యి పడని వెయ్యి పేజీల నవల గుర్తొచ్చింది నాకు. లోకంలోని పాత్రలన్నీ వున్నాయి. కథ ఎవరిదో మాత్రం తెలియదు.

ఆ వేలంలోంచే ఒక కాసు మాయమైంది. 1933 నాటి అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెం, 'డబుల్ ఈగిల్' అంటారు. ఆ ఏడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం జనం దగ్గరున్న బంగారాన్ని అప్పజెప్పమంది. ఆ ఏడాది ముద్రతో తయారైన 4,45,500 కాసులనీ విడుదల చెయ్యకుండా, మ్యూజియానికి రెండు వుంచి మిగతావి కరిగించమన్నారు. ఎలాగో కొన్ని టంకశాల గోడ దాటాయి. అందులో ఒకటి 1944లో సాక్షాత్తూ ఎగుమతి లైసెన్సుతో సహా ఫరూక్‌కి చేరింది. కైరో వేలంలోంచి దాన్ని తీసేయమని అమెరికా అడిగితే తీసేశారు. ఆ తర్వాత అది ఎటు పోయిందో పోయింది. మళ్ళీ 1996లో న్యూయార్కు హోటల్లో పట్టుబడింది. కోర్టు తగువు రాజీ అయ్యాక 2002లో వేలం వేస్తే 75,90,020 డాలర్లు పలికింది. చివర ఆ ఇరవై చూశారా? ప్రభుత్వం ఎప్పుడూ విడుదల చెయ్యలేదు గనుక అప్పటిదాకా చట్టం దృష్టిలో అది డబ్బే కాదట! దాని మీద రాసివున్న ఇరవై డాలర్లూ ఖజానాకి కట్టాకే అది చెల్లే నాణెం అయింది. కూరలబండి దగ్గర అర్ధరూపాయి వదలని మనకి ఆ ఇరవై సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కొన్నవారెవరో 2021 దాకా బయటికి రాలేదు. ఆయన స్టువర్ట్ వైట్జ్‌మన్. ఆడవాళ్ళ చెప్పులు తయారుచేసి గొప్పవాడైనాయన! (మన కాళ్ళ నొప్పులు ఎక్కడికి వెళ్ళి చేరతాయో చూడండి.) ఆయన దగ్గర ముఖ్యంగా మూడే వస్తువులు. ఈ కాసు ఒకటి. బ్రిటిష్ గయానా వారి ఒక్క సెంటు స్టాంపు, లోకంలో మరోటి లేనిది, ఇంకొకటి. విమానం బొమ్మ తలకిందులుగా అచ్చయిన అమెరికా స్టాంపుల నాలుగింటి ముక్క మూడోది. 2021లో ఈ మూడూ అమ్మేశారు. కాసు ఒక్కటే ఒక కోటీ 89 లక్షల డాలర్లకి పోయింది. ఎనిమిదిన్నర వేలు పోగేసిన రాజుగారికంటే మూడింటితో ఆగిన ఈయన మెరుగే. కాని నాకో గునుపు వుంది. ఈ మూడూ గొప్పవని లోకం ముందే తేల్చేసింది. బహుమతి వచ్చిన నవలలు తప్ప మరోటి కొనని పాఠకుడిలా కనిపిస్తాడు ఈయన. అలమరా అందంగానే వుంటుంది; ఆ మనిషికి ఏం ఇష్టమో మాత్రం అలమరా చూసి చెప్పలేం.

ఇక బాల్టిమోర్ నగరపు ఎలియాస్‌బర్గ్. అమెరికా ప్రభుత్వం వేసిన ప్రతి నాణెం, ప్రతి ఏడాదిదీ, ప్రతి టంకశాలదీ వుండాలని పంతం పట్టి 1950 నాటికి సాధించాడు. మధ్యలో 1942లో మరొకరి కలెక్షనంతా లక్ష డాలర్లకి ఒకేసారి కొనేశాడు. నాణేల వాళ్ళకి ఆయన దేవుడితో సమానం. నేనూ దండం పెడతాను, నిఘంటువు రాసినవాళ్ళకి పెట్టినట్టు. నిఘంటువు అవసరమే. అర్ధరాత్రి దాకా దీపం ఆర్పకుండా ఎవరం చదవం, అంతే.

నా ఓటు పిట్‌మన్‌కి. కోడక్ కంపెనీలో ఇంజనీరు. నెలజీతం మనిషి. ఫరూక్ నాణేలు వేలానికొస్తున్నాయని తెలిసి ఇల్లు తాకట్టు పెట్టి మరీ కైరో వెళ్ళాడు. మిగతావాళ్ళ దగ్గర డబ్బుంటే ఈయన దగ్గర చదువుంది. గుత్తగా కట్టిన కట్టల్లో ఏ నాణెం ఏదో గుర్తుపట్టగల కన్ను వుంది. ఆయన పోయాక 1997 నుంచి 1999 దాకా ఆ కలెక్షను అమ్మితే మూడు కోట్ల డాలర్లు దాటింది. జేబుకున్న హద్దే ఆయన చేత ఏరించిందన్నమాట. ఇంతకీ నా మనసు ఆయనతో కైరో వెళ్ళలేదు, ఆయన ఇంట్లోనే ఆగిపోయింది. తాకట్టు పెట్టిన ఇంట్లో నిలబడి, దూరదేశం వెళ్ళే మొగుడికి పెట్టె సర్దిన ఇల్లాలు ఏమనుకుని వుంటుంది? నాణేలవాళ్ళు చెప్పుకునే కథలో ఆవిడకి ఒక్క వాక్యం కూడా దక్కదు.

అక్కడే నాకు పట్టుకుంది. ఈ కలల జాబితాల్లో ఆడవాళ్ళు ఎక్కడ? నాణేల మీద అమ్మవార్లకీ, రాణులకీ లోటు లేదు. నేనడిగేది పోగుచేసినవాళ్ళ సంగతి.

లేకపోలేదు. లండన్లో సారా సోఫియా బ్యాంక్స్ అనే ఆవిడ వుండేది. కెప్టెన్ కుక్ వెంట ఓడలో తిరిగిన జోసెఫ్ బ్యాంక్స్ చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, అన్నగారింట్లోనే వుండిపోయింది. అన్న దేశదేశాల మొక్కలు పోగుచేస్తే, ఈవిడ నాణేలూ, దుకాణదారులు చిల్లర కోసం వేసుకున్న బిళ్ళలూ, విజిటింగు కార్డులూ, నాటకాల టిక్కెట్లూ పోగుచేసింది. రాజులు విసిరి పారేసే చిల్లర బిళ్ళల మీద ఆవిడకి అంత శ్రద్ధ. 1818లో ఆవిడ పోయాక తొమ్మిది వేల పైచిలుకు నాణేలూ బిళ్ళలూ బ్రిటిష్ మ్యూజియానికీ రాయల్ మింట్‌కీ చేరాయి. ఆ రోజుల్లో సామాన్యులు ఏ బిళ్ళ ఇచ్చి రొట్టె కొనుక్కున్నారో తెలియాలంటే చరిత్రకారులు ఈనాటికీ ఆవిడ డబ్బాలు తెరవాల్సిందే. ఫరూక్ కలెక్షను ముక్కలై చెల్లాచెదరైతే, ఈ ఆడపడుచు దాచిన చిల్లర పదిలంగా వుంది.

ఇంతకీ నా జాబితా ఏమిటంటారా? చెప్పే ముందు వద్దనుకున్నవి చెబుతాను. జహంగీరు 1613లో వేయించిన వెయ్యి తులాల మొహరీ వద్దు. సుమారు పన్నెండు కిలోల బంగారం, అట్లపెనమంత బిళ్ళ. హైదరాబాదు నిజాముల ఇంటి సొత్తని చెప్పుకునే ఆ బిళ్ళ 1987లో జెనీవాలో వేలానికొచ్చి పెద్ద దుమారం లేపింది. మా హైదరాబాదు వాళ్ళెవరిని అడిగినా ముందు దాని పేరే చెబుతారు. కాని చేత్తో ఎత్తలేనిదీ, కొంగున కట్టలేనిదీ నాణెం ఎలా అవుతుంది? బ్రూటస్ వేయించిన బంగారు కాసూ వద్దు. సీజరుని పొడిచిన రెండు బాకులూ దాని మీద వుంటాయి. 2020లో లండన్లో ముప్ఫై లక్షల పౌండ్లు దాటి పలికింది. తీరా చూస్తే దాని పుట్టుపూర్వోత్తరాల కాగితాలు దొంగవి. 2023లో దాన్ని గ్రీసుకి తిప్పి పంపారు. హద్దులేని డబ్బుతో దొంగసొత్తు కూడా దర్జాగా కొనవచ్చునన్నమాట.

నాకు కావలసింది నూర్జహాను పేరున్న మొహరీ. 1624 ప్రాంతం నుంచి జహంగీరు పోయిన 1627 దాకా ఆమె పేరుతో నాణేలు పడ్డాయి. మొగలు రాజ్యంలో మరే రాణికీ దక్కని గౌరవం అది. దాని మీద పారసీ పద్యం భావం కూడా ముచ్చటగా వుంటుంది: ఆమె పేరు పడినందుకు బంగారానికే నగలు పెట్టినట్టయిందట. కాని లోకం ఆమెకి ఆ నాణేలు చాలవనుకుంది. జహంగీరు వేయించిన పన్నెండు రాశుల బొమ్మల నాణేలున్నాయి కదా, అవి కూడా నూర్జహానే వేయించిందనీ, ఒక్కరోజు రాజ్యం అడిగి పుచ్చుకుని ఆ ఒక్కరోజులో అచ్చు కొట్టించిందనీ టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు కథ రాశాడు. రాశుల బొమ్మలు తన ఆలోచనేనని జహంగీరు తన స్వీయచరిత్రలో స్పష్టంగా రాసుకున్నాడు. అయినా కథే బతికింది. మొగుణ్ణి బతిమాలి ఒక్కరోజు రాజ్యం పుచ్చుకున్న ఆడది కథకి బాగుంటుంది. ఏళ్ళ తరబడి తన పేరుతో నాణెం చెలామణీ చేయించుకున్న ఆడది కథలో ఇమడదు కాబోలు.

అయితే నాకు కావలసిన మొహరీకి ఒక షరతుంది. దానికి చెవి వుండాలి. నగలో కుట్టుకోవడానికి అతికిన కొక్కెం. మొగలు మొహరీల్లో చాలావాటికి అలాంటి చెవి వుండేది. అమ్మేవాళ్ళు దాన్ని తీసేసి, మచ్చ కనిపించకుండా నున్నగా సాపుచేసి, అయినా కేటలాగులో 'గతంలో నగలో వాడినది' అని రాసి ధర తగ్గిస్తారు. చిల్లు వుంటే ఇంకా తగ్గుతుంది. వాళ్ళ శాస్త్రంలో చిల్లు అంటే పాడు. మన భాషా వాళ్ళ పక్షానే వుంది లెండి, పనికిరానిదాన్ని చిల్లిగవ్వ అన్నాం, చిల్లికాసు అన్నాం.

ఆ చిల్లు పొడిచిందెవరో ఒక్కసారి ఆలోచించండి. దక్షిణదేశంలో దొరికిన రోమను బంగారు కాసుల్లో కొన్నిటికి సరిగ్గా చక్రవర్తి తలకి పైన, పక్కపక్కనే రెండు చిల్లులు వుంటాయి. ఒక్క చిల్లయితే కాసు తిరిగిపోతుంది. రెండయితే ముఖం ఎదుటివాళ్ళకి తిన్నగా కనిపిస్తుంది. సముద్రాలు దాటి మిరియాలకీ బట్టలకీ బదులుగా వచ్చిన బంగారాన్ని ఎవరో ఆడకూతురు చేతిలో పెట్టుకుని, తిప్పిచూసి, ఈ బొమ్మ తల పైకి వుండాలని కంసాలికి చెప్పి చేయించుకుంది. అది పాడుచెయ్యడమా?

మా అమ్మమ్మ కాసులపేరులో విక్టోరియా రాణి సవరన్లుండేవి. మనం కాసు బంగారమంటే ఎనిమిది గ్రాములనే లెక్కకి ఆ సవరను బరువు దాదాపు సరిపోతుంది. మా అమ్మ ఎరిగేటప్పటికి ముప్ఫైరెండు కాసులు. మావయ్య ఇంజనీరింగు ఫీజుకి ఆరు వెళ్ళాయి. పిన్ని పెళ్ళికి పది. తాతగారి ఆపరేషనుకి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. తీసిన ప్రతిసారీ గొలుసు కుదించి మళ్ళీ కట్టించుకునేది. మగవాళ్ళ కలెక్షను ఏటేటా పెరుగుతుంది. ఏ ఏడు ఏది చేరిందో కేటలాగులో రాసుకుంటారు. ఆవిడది ఏటేటా తరిగింది. ఒక్కో కాసు ఎందుకు పోయిందో ఆవిడకి తారీఖులతో సహా నోటికొచ్చు. ఎలియాస్‌బర్గ్‌కి ఆల్బంలో ఖాళీగడి అంటే పంతం. ఆవిడ గొలుసులో ఖాళీగడి అంటే ఇంట్లో ఒక మనిషి చదువో, పెళ్ళో, ప్రాణమో.

అందుచేత బడ్జెట్‌కి హద్దు లేదంటే నేను చిల్లులున్నవే కొంటాను. తలపైన రెండు చిల్లుల రోమను కాసులు, చెవి తియ్యని మొగలు మొహరీలు, కొక్కెం ఆనవాలు మిగిలిన సవరన్లు. మచ్చ కనిపించకుండా సాపుచేసినవి నాకొద్దు, సగం ధరకిచ్చినా. ఒక్కో కాసు పక్కనా చీటీ పెట్టిస్తాను. ఏ రాజు వేయించాడు, ఏ టంకశాల, బరువెంత అన్నవి రెండో వరసలో. మొదటి వరసలో, ఏ నగలో వుండేది, ఎవరి అవసరానికి విప్పారు. చాలా చీటీలు ఖాళీగానే వుంటాయి. నా ఇంజనీరు మావయ్య పేరు మాత్రం ఆరింటి మీద వుంటుంది.