యంత్రము వ్రాసిన పరీక్షలు

ఎర్రుపాలెం విద్యార్థి యొకడు లీపు సంవత్సరమును గుర్తించు ప్రోగ్రామును జావాలో వ్రాసినాడనుకొందము. నాలుగుచే భాగింపబడిన చాలునన్నాడు. 1900 కూడ లీపు సంవత్సరమైపోయినది!

ఫ్రేజర్, అర్కూరి 2011లో ప్రకటించిన ఎవోసూట్ ఇట్టి ప్రోగ్రాములకు యూనిట్ పరీక్షలను తానే వ్రాయును. ప్రోగ్రాములోని శాఖలన్నిటిని తాకు విలువలను వెదకుటలో దాని నేర్పు మెచ్చదగినదే. కాని సరియైన జవాబు దానికెట్లు తెలియును? ప్రోగ్రాము ఇచ్చిన జవాబునే వ్రాసికొనును. విద్యార్థి పత్రమును చూచియే కీ తయారుచేసి మార్కులు వేసినట్లున్నది! మునుముందు చేయు మార్పులవలన జవాబు మారినచో ఆ పరీక్షలు పట్టగలవు. మొదటినుండి ఉన్న తప్పును మాత్రము కాపాడును. మనిషి వాటిని సరిచూడవలెనందురు. వందలకొలది పరీక్షలను ఓపికగా చదువువారెవరు?

క్లాసెన్, హ్యూస్ 2000లో హాస్కెల్ భాషకు చేసిన క్విక్‌చెక్‌లో నియమమును మనిషి వ్రాయును, విలువలను యంత్రము తెచ్చును. నూరుచే భాగింపబడి, నాలుగువందలచే భాగింపబడని యేడు లీపు కాదని వ్రాసినచో, 1900 పట్టుబడుటకు దారి యేర్పడును.